అందరికీ రెండో మనిషి

మొన్న నంద్యాలలో సంజామల బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ముసలాయన దగ్గరికొచ్చి నా ముఖంలోకి తేరిపార చూసి, "నువ్వు మా ఊరి బడి అయ్యవారివి గదా?" అన్నాడు. నలభై ఏళ్ళ కిందటి మాట. అవునన్నాను. ఎవరెవరు పోయారో, ఎవరి పొలాలు ఎవరి చేతికొచ్చాయో చెప్పుకొచ్చాడు. చివరికి, అది చెప్పకపోతే ఎక్కబోయే బస్సు కదలదన్నట్టు, గొంతు తగ్గించాడు.

"ఆ నడిమింటాయన ప్రెసిడెంటుకు నిలబడ్నాడు సూడు, నేను ఆయనకే ఏసినా ఓటు. ఊరు ఊరంతా అటో ఇటో పాయ. నేను మాత్రం ఆయనకే."

ఆ మాట నాకు కొత్త కాదు. ఆళ్లగడ్డ సంతలో, ఇక్కడి పెద్దాసుపత్రిలో, పెళ్ళిపందిళ్ళలో, ఆ ఊరివాళ్ళు ఎక్కడ తగిలినా నాకిదే చెబుతారు. ఆనాడు ఆయన పెట్టెలో పడినవి నలభై చిల్లర ఓట్లు. ఆయనకే వేశామని నాతో చెప్పినవాళ్ళు అంతకు రెండింతలు దాటి ఉంటారు. ఇంకా చెబుతూనే ఉన్నారు. చచ్చిపోయినవాడికి ఓటు వేయడం సులువు. అందులో ఎవడూ ఓడిపోడు.

ఆయన పేరు రాయను. ఊళ్ళో కూడా ఆయనను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ఆళ్లగడ్డకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరికి రెండు కొసలు. మెరకమీద పై ఇల్లు, కాలువ వైపు కింది ఇల్లు. రెండూ తాతల నాటి భూములున్న ఇళ్ళే, రెండూ తాతల నాటి పగలున్న ఇళ్ళే. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఈయన ఇల్లు. అందుకని నడిమింటాయన. పదెకరాల నల్లరేగడి, ఒక జత ఎద్దులు, నోరున్న భార్య. పిల్లలు లేరు.

నేను ఆ ఊరి బోర్డు స్కూలుకు మాస్టరుగా వెళ్ళేటప్పటికి ఆంధ్రరాష్ట్రం వచ్చి ఏడాది కూడా కాలేదు. మాది నంద్యాలలో చర్చి పక్కన ఇల్లు. ఆ సంగతి నాకంటే ముందే ఊరు చేరింది. కాబట్టి నాకు అద్దెకు ఇల్లు ఇచ్చేవాళ్ళు లేకపోయారు. ఊరి బయట పేటలో మావాళ్ళ ఇళ్ళు ఉన్నాయి గానీ వాళ్ళకే తల దాచుకునే చోటు లేదు. రెండు రోజులు బళ్ళోనే పడుకున్నాను. మూడోనాడు ఈయన వచ్చి, "మా ఇంటి ముందర గది ఉండాది. ఇత్తనాలు పోసుకుంటాం. తీసేస్తాలే, రా" అన్నాడు. నలుగురు పెద్దమనుషులు వచ్చి ఆయన అరుగు ముందు నిలబడి గొణిగారు. ఆయన వాళ్ళ వైపు చూడనైనా చూడకుండా అన్నాడు:

"అయ్యవారు పాఠం చెప్తే మీ పిల్లోళ్ళు వింటాండారు గదా. ఇంటికొచ్చి చెవులు కడుక్కుంటాండారా?"

భార్య మాత్రం పక్షం రోజులు నా గుమ్మం వైపు తొంగి చూడలేదు. తర్వాత ఒక సాయంత్రం గడప బయట నిలబడి, "జొన్నరొట్టె తింటావా, మీరు అన్నమే తింటారా?" అని అడిగింది. ఆ రాత్రి నుంచి నా కంచంలోకి ఊరగాయ వచ్చింది. ఆయన ఆమెకు ఏం చెప్పాడో నాకు తెలీదు. ఆమెకు ఎవరైనా ఏమైనా చెప్పగలరని కూడా నేననుకోను.

మనిషి బక్కపలచన. తలగుడ్డ ఎప్పుడూ వదులుగా చుట్టేవాడు. తగువు తీర్చడానికి కూర్చున్నప్పుడు పక్కనే నాలుగు పత్తికాయలు పెట్టుకునేవాడు. తగువుకొచ్చినవాళ్ళు అరుస్తుంటే ఈయన దూది నుంచి గింజలు ఒక్కొక్కటే వేళ్ళతో వొలిచేవాడు. తిట్లు ముదిరినా తల ఎత్తేవాడు కాదు. గింజలు అయిపోయాక చేతులు దులుపుకుని తీర్పు చెప్పేవాడు. అవతలివాళ్ళకు ఓపిక చావడానికే అలా చేస్తాడని కొందరనేవారు. నిజమే అయ్యుండొచ్చు.

ఒకసారి పై వీధి వాడి బర్రె కింది వీధి వాడి జొన్నచేను మేసింది. అంతకుముందు ఇలాంటి దానికే ఆ ఊళ్ళో రెండు గడ్డివాములు తగలబడ్డాయట. ఈయన గింజలు వొలిచి, "చేను పండిందాకా బర్రె పాలు జొన్నోనివి. అందాకా బర్రెకు మేతా, పేడెత్తేదీ గూడా జొన్నోనిదే" అన్నాడు. పాలు పోయాయని వీడు, పేడ వచ్చిందని వాడు, ఇద్దరూ గొణుక్కుంటూ లేచిపోయారు. వాము మాత్రం తగలబడలేదు.

"ఇద్దరూ తిట్టుకుంటా పోయినారే" అన్నాను.

"ఇద్దరికీ రవ్వంత కడుపు మండల్ల అయ్యవారూ. ఒగడు నవ్వుకుంటా పోయినాడంటే నేను తప్పు చెప్పినట్లే."

రెండు ఇళ్ళకూ వెళ్ళేవాడు గానీ ఏ ఇంట్లోనూ చెయ్యి కడిగేవాడు కాదు. మజ్జిగ ఇస్తే నిలబడి తాగేవాడు. మంచం వాలిస్తే గడపమీద కూర్చునేవాడు. ఎవరైనా ఎదురుగా పొగిడితే దోమను తోలినట్టు చెయ్యి ఊపేవాడు.

ఊళ్ళో ఎవరినైనా సరే, పక్కకు పిలిచి అడిగితే ఒక సంగతి తెలిసేది. పై ఇంటివాళ్ళకు మొదట తమ మనిషి, తర్వాత నడిమింటాయన, చచ్చినా ఒప్పుకోనివాడు కింది ఇంటాయన. కింది ఇంటివాళ్ళకు మొదటిదీ చివరిదీ తారుమారు, మధ్య పేరు అదే. ఏ ఇంటికీ చెందని చిన్న రైతులకూ, పేటవాళ్ళకూ ఈయనే మొదటివాడు. ఊరంతటిలో ఈయనంటే గిట్టనివాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి తెలిసిన ఏ పిల్లవాడైనా ఈయన నిలబడితే గెలుస్తాడనే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. లెక్కల మాస్టర్ని కూడా.

పంచాయతీ సమితులు వస్తాయని చెప్పుకుంటున్న ఏడాది పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అంతవరకూ ప్రెసిడెంటు అంటే దీపపు బుడ్లకు కిరసనాయిలు పోయించేవాడు. ఇక మీదట బావులూ బాటలూ కాలువ నీళ్ళూ అన్నీ ప్రెసిడెంటు చేతి మీదుగానే అనేసరికి రెండు ఇళ్ళవాళ్ళూ మీసాలు దువ్వారు. ఆ నెలలోనే పేట ఆడమనిషి ఒకామె పై ఇంటివాళ్ళ మోటబావిలో కడవ ముంచిందని కడవ పగలగొట్టి, ఆమె భర్తను గిలక స్తంభానికి కట్టేసి కొట్టారు.

మరుసటి ఆదివారం ఆరాధన కాగానే పేట సంఘపెద్దా, మరో పదిమందీ ఈయన అరుగు ముందుకు వచ్చారు. వాళ్ళ వెనకాలే చిన్న రైతులు.

"నువ్వు నిలబడల్ల నాయనా" అన్నాడు సంఘపెద్ద. "ఈ రెండిండ్ల నడుమ నలిగి సస్తాండాం."

ఆయన దోమను తోలినట్టు చెయ్యి ఊపాడు. వాళ్ళు కదల్లేదు.

"నా మాట మీరు ఎందుకు వింటాండారో తెల్సునా?" అన్నాడు చివరికి. "నా చేతిలో ఏమీ లేదు గాబట్టి. రేపు ఏదన్నా నా చేతిలో పెట్టండి, మీరే నన్ను నమ్మరు."

"యేసుప్రభువు సాక్షిగా చెప్తాండాం. మా పేట ఓటు ఒగటి గూడా బయటికి పోదు."

"అహోబిలం నరసింహుని మింద ఒట్టు" అన్నారు రైతులు.

లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది. "మీరు ఒట్లు పెట్టేది ఆయన్ని నిలబెట్టేదానికా, కూలబెట్టేదానికా?"

దెబ్బలు తిన్నవాడు ఒక పక్కగా కూర్చుని ఉన్నాడు. వీపు అరుగుకు ఆనకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. ఆయన చాలాసేపు వాడినే చూశాడు.

"సరే. మాటిచ్చినా. ఇచ్చినాక నేను ఎనక్కి తీసుకోను. మీరూ తీసుకోవద్దండి."

మొదటి వారం ఊరంతా పండగలా ఉంది. పై వీధిలోనూ కింది వీధిలోనూ ఆయన కనపడితే జనం లేచి నిలబడేవాళ్ళు. "నీకు గాక ఇంగెవురికి ఏస్తాం" అనేవాళ్ళు. అబద్ధం చెప్పారని నేననను. ఆ క్షణానికి అది నిజమే.

తర్వాత ఒక మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో తెలీదు. నేను మొదట విన్నది మంగలి కొట్టం దగ్గర. పై వీధి రైతు గడ్డం గీయించుకుంటూ అన్నాడు: "నడిమింటాయన మంచోడేప్పా. ఎవురు కాదన్యారు? కానీ ఆయనకేసిన ఓటు యాడికి పోతాది? ఆయన గెలిచేది లేదు. మన ఓట్లు చీలి ఆ కింది ఇంటోడు వస్తాడు." అదే రోజు సాయంత్రం కాలువ గట్టుమీద కింది వీధి వాళ్ళు కూర్చుని ఉన్నారు. "ఆయన మంచోడే. కానీ ఆయనకేస్తే మన ఓట్లు చీలి పై ఇంటోడు వస్తాడు." మాట ఒకటే. వేరువేరు గుమ్మాల ముందు వేసిన ఒకే ముగ్గు.

ఆయన గెలవడు కాబట్టి ఓటు వేయం అన్నారు. వేయం అన్నారు కాబట్టి ఆయన గెలవడు. ఈ గుండ్రంలో ఎక్కడ చెయ్యి పెట్టి ఆపాలో నాకు తెలియలేదు. ఆపుదామని ఒకరిద్దరితో వాదించాను కూడా. "నువ్వు నంద్యాలోనివి అయ్యవారూ, నీ ఓటు ఆడ. ఓడిపోతే మా వాములు తగలబడతాయి, నీవి కాదు" అన్నారు. నిజమే కదా.

సంఘపెద్దను అడిగాను. "మా వాళ్ళంతా ఆయనకే అంటాండారు" అన్నాడు. "కానీ ప్రతి ఒగడూ పక్కింటోడు ఏస్తాడో లేదో అని అనుమానపడతాండాడు. వాడు ఏయకపోతే వీనిది ఉత్తగా పోతాది గదా."

"మీరు?"

సంఘపెద్ద తన కాళ్ళవైపు చూసుకున్నాడు. "నా ఒగని ఓటుతో ఏమైతాది సారూ."

ఎన్నికలకు రెండు మూడు రోజుల ముందు కింది ఇంటాయన తనే నడిచి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. నేను నా గది గుమ్మంలో పిల్లల పలకలు తుడుస్తున్నాను. నన్ను లేచిపొమ్మని ఎవరూ అనలేదు. ఈయన పత్తికాయ తీసుకున్నాడు.

"అన్నా, నీకు తెలియంది కాదు" అన్నాడు కింది ఇంటాయన. "వాడు గెలిస్తే కాలువ కట్టేస్తాడు. మా కయ్యలు ఎండుతాయి. నీ పేటోళ్ళకు బావీ రాదు, ఏమీ రాదు. నువ్వు తప్పుకో."

"నువ్వు గెలిస్తే పై వీధోళ్ళ బాట ఏయిస్తావా?"

"ఏయించను." నవ్వాడు. "కానీ వానంత దుర్మార్గం చేయనులే. నువ్వే చెప్పు. వానికంటే నేను మేలా, కాదా?"

ఈయన గింజ వొలిచి పక్కన పెట్టాడు. "మేలే."

"అట్లయితే తప్పుకో."

"నీకంటే నేను మేలా, కాదా?"

"మేలే. ఎవురు కాదన్యారు?"

"అట్లయితే నువ్వే తప్పుకో."

అతను తొడ చరిచి పకపకా నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నేను తప్పుకుంటే మా వాళ్ళంతా నీకే ఏస్తారన్నా. వాడు తప్పుకున్నా వాని వాళ్ళంతా నీకే ఏస్తారు. మేమిద్దరం నిలబడితే మాత్రం నీకు ఎవురూ ఏయరు. అది నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు."

"మరి ఎవురిది?"

"ఏమో. ఆ పై ఇంటోనికి నేను బయపడతాండా, నాకి వాడు బయపడతాండాడు. మా ఇద్దరికీ ఊరు బయపడతాండాది. నీకి ఎవురూ బయపడరు. బయం లేనిచోట ఓటు యాడ్నుంచి వస్తాది?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఈయన చేతిలో పత్తికాయ సగం అలాగే ఉండిపోయింది.

"వాడు చెప్పింది అబద్ధమైంటే బాగుండు అయ్యవారూ" అన్నాడు.

"తప్పుకుంటారా?"

"మాటిచ్చినా గదా. ఈపు వాసినోని ముందర ఇచ్చినా."

పోలింగు మా బళ్ళోనే. నంద్యాల నుంచి ఆఫీసరు వచ్చాడు. మూలకు అడ్డంగా దుప్పటి కట్టారు. దుప్పటి వెనక మూడు పెట్టెలు. ఎర్ర కాగితం అంటించింది పై ఇంటాయనది, ఆకుపచ్చది కింది ఇంటాయనది, పసుపుపచ్చది ఈయనది. చీటీ తీసుకుని దుప్పటి వెనక్కి వెళ్ళి ఇష్టమున్న పెట్టెలో వేసి రావడమే. ఏ పెట్టెలో వేశారో దేవుడికి తప్ప తెలీదు.

పొద్దున్నే ఆయన భార్య స్నానం చేసి, ముఖానికి పసుపు రాసుకుని వచ్చింది. "పసుపు పెట్టె ఇచ్చినారు మాకి, సుబమే" అని నాతో అంది. ఆమె వెనక ఆయన. వరుసలో అందరిలాగే నిలబడ్డాడు. ముందుకు రమ్మంటే రాలేదు. బయటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా చేనివైపు నడిచాడు. జనం ఆయనకు దారి ఇచ్చారు, దండాలు పెట్టారు. లోపలికి వెళ్ళారు, వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది తలలు వంచుకునే వచ్చారు.

ఆ దుప్పటి పై ఇంటాయన కంటినుంచీ, కింది ఇంటాయన కంటినుంచీ వాళ్ళను దాచింది. పక్కవాడు ఏం చేస్తాడో అన్న లెక్కనుంచి మాత్రం ఎవరినీ దాచలేకపోయింది. ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. దొంగ ఓటు ఒక్కటి పడలేదు. ఆఫీసరు ఎంతో సంతోషించాడు, ఇంత ప్రశాంతంగా జరిగిన ఎన్నిక తను చూడలేదన్నాడు.

పొద్దు వాలుతుండగా లెక్కపెట్టారు. పై ఇంటాయన గెలిచాడు. కింది ఇంటాయన మీద ఆధిక్యం ఇరవై కూడా లేదు. పసుపు పెట్టెలో నలభై చిల్లర. అందరూ మొదట ఆ పెట్టెవైపు ఎందుకు ఇంత తక్కువ అన్నట్టు చూశారు. మరు నిమిషంలో ఆ నలభైని ఆకుపచ్చ పెట్టెతో కలిపి కూడికలు చేశారు. అప్పుడు ఎందుకు ఇంత ఎక్కువ అన్నట్టు చూశారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నిజం చెప్పింది ఒక్క మనిషే. కడవ పగిలిన ఆడమనిషి. అరుగు కింద నిలబడి, "నీకే ఏద్దామని పోతి నాయనా. చీటీ పట్టుకుని పసుపుదాని దాకా పోయి ఎనక్కొస్తి. ఆ పై ఇంటోడు వస్తే మా ఆయన్ని బతకనీయడని ఆకుపచ్చదాంట్లో ఏస్తి" అని ఏడ్చింది. ఆయన, "పో తల్లీ, పొద్దుబోయింది" అన్నాడు.

తెల్లారి ఊరేగింపు. మేళంతో పై ఇంటాయన వీధి వీధీ తిరిగి ఈ ఇంటి ముందు ఆగాడు. మెడలో ఉన్న దండల్లోంచి పెద్దది తీసి, అరుగు మీద నిలబడ్డ ఈయన మెడలో వేశాడు. "అంతా నీ పుణ్యమే అన్నా!" అని ఊరంతా వినేట్టు అరిచాడు. ఈయన ఆ దండ వెంటనే తీసి తిరిగి అతని చేతిలోనే పెట్టాడు. "నీ పూలు నాకొద్దప్పా" అన్నాడు. మేళం హోరులో అది ఎవరికి వినపడింది? వేసిన దండను ఊరంతా చూసింది. తీసిన దండను చూసినవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికల్లా పై ఇంటికి అమ్ముడుపోయాడన్నారు. ఓట్లు చీల్చడానికే వాళ్ళు నిలబెట్టారన్నారు. నిలబడమని అరుగు ముందు ఒట్లు పెట్టినవాళ్ళే అన్నారు. తాము ఆయనకు వేయకపోవడం తెలివి, మిగిలిన నలభైమంది వేయడం ద్రోహం. ఊరికి ఆ నమ్మకం అవసరమైంది. లేకపోతే ఎవరి ముఖం వాళ్ళు చూసుకోవాల్సి వస్తుంది.

అరుగు ఖాళీ అయింది. గట్ల తగువులు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఆళ్లగడ్డ పోలీసు స్టేషనుకూ నంద్యాల కోర్టుకూ నడిచాయి. పొద్దున్నే ఆయన అలవాటుగా అరుగుమీద కూర్చునేవాడు. ఎదురుగా పోయేవాళ్ళు ఎద్దులను అదిలించుకుంటూ పోయేవాళ్ళు. ఆ ఇంట్లో పత్తి గింజలు వొలిచే పని ఇప్పుడు భార్య చేసేది, విత్తనానికి.

కింది ఇంటాయన చెప్పినట్టే జరిగింది. కాలువ కట్టేశారు. కయ్యలు నెర్రెలు విచ్చాయి. గట్టు తెంపడానికి పోయిన కింది ఇంటాయన తమ్ముణ్ణి పట్టపగలు గొడ్డళ్ళతో నరికేశారు. కబురు వినగానే ఈయన తలగుడ్డ కూడా చుట్టుకోకుండా ఆ ఇంటికి పరుగెత్తాడు. నేను వెనకే వెళ్ళాను. వాకిట్లో శవం. ఈయన గడప దగ్గరే ఆగాడు, ఎప్పటిలా. చచ్చినవాడి భార్య లోపల్నుంచి చూసింది.

"ఓట్లు చీల్చి మా కొంపకు నిప్పు పెట్టి, కాలిందో లేదో సూసేదానికొచ్చినావా?"

కింది ఇంటాయన అక్కడే ఉన్నాడు. ఆ రోజు అరుగు మీద కూర్చుని ఎవరి తప్పూ కాదన్న మనిషి. ఒక్క మాట అని ఉండొచ్చు. తల పక్కకు తిప్పుకున్నాడు. ఈయన వచ్చిన దారినే తిరిగాడు.

మరుసటి ఏడు నాకు నంద్యాల బదిలీ అయింది. ఆ ఎండాకాలంలో ఒకనాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. రొమ్ములో నొప్పి, పెద్దాసుపత్రిలో చూపించుకుని వస్తున్నానన్నాడు. మా అమ్మ అన్నం పెడితే పీటమీద కూర్చుని తిన్నాడు. అందరి ఇళ్ళలోనూ నిలబడి మజ్జిగ తాగి వెళ్ళే మనిషి మా ఇంట్లో చెయ్యి కడిగాడు. తిన్నాక మా ముంగిట చాప మీద చాలాసేపు కూర్చున్నాడు.

"మీకు ఊరు అన్యాయం చేసింది" అన్నాను నేను. ఏడాదిగా నోట్లో నానుతున్న మాట.

"అనకు" అన్నాడు. "నీకి తెలీదు. ఒగ మాట చెప్తా. ఆ పొద్దు దుప్పటి ఎనకాల నేనూ నిలబడ్నాను గదా. చేతిలో చీటీ. ముందర మూడు పెట్టెలు. నాకెవురూ ఏయరని అప్పటికే తెల్సు. నా ఒగ ఓటు నా దాంట్లో ఏసుకుంటే ఏమొస్తాది, దండగ. వాడు గెలిస్తే కాలువ కట్టేస్తాడు. నా ఒగ ఓటుతోనే కింది ఇంటోడు బయటపడతాడేమో, ఎవురు సూడొచ్చినారు అనుకుంటి."

ఆగాడు. చాప పుల్ల ఒకటి వేళ్ళతో వొలిచాడు.

"ఆకుపచ్చ దాంట్లో ఏస్తి అయ్యవారూ."

ఎక్కడో రిక్షా గంట మోగింది. ఆయన నా వైపు చూడలేదు.

"ఊరంతా నా మాదిరే లెక్కేసింది. వాళ్ళను ఏ నోటితో తిట్టేది? ఆడమనిషి వచ్చి ఏడ్చింది సూడు, ఆమెకున్న దైర్యం గూడా నాకి లేదు. నిలబడిన మాట నిలబెట్టుకున్యా అనుకుంటి. నిలబెట్టుకున్నది ఒళ్ళు, మాట కాదు. ఏ లెక్కా ఏయకుండా ఆ నలభైమంది నాకేసినారే, వాళ్ళెవురో తెలిస్తే పోయి కాళ్ళు పట్టుకుందును. నేను చేసింది తెలిస్తే వాళ్ళు ఆ కాళ్ళతోనే తంతారు."

బస్సు వేళైందని లేచాడు. బస్టాండు దాకా వెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, "మా ఇంటామెకు చెప్పొద్దప్పా" అన్నాడు. ఆయన నన్ను అప్పా అని పిలవడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

ఆ వానలకే పోయాడు. కబురు రెండు రోజులు ఆలస్యంగా అందింది. నేను వెళ్ళేటప్పటికి అన్నీ అయిపోయాయి. మోయడానికి నలుగురు దొరకడం కష్టమైందట, పేటవాళ్ళు వస్తే ఈ వీధులవాళ్ళు ఒప్పుకోలేదట, చివరికి ఎలాగో అయిందట. భార్య గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను లోపలికి రమ్మంది. మొదటిసారి ఆ గడప దాటాను.

"నంద్యాలకు వచ్చినపుడు నీకేమన్నా చెప్పినాడా?" అంది.

"లేదమ్మా. నొప్పి అన్నాడు."

"ఏమో కుమిలిపోతాండ్య. నాతో చెప్పల్యా." కొంతసేపు వీధిలోకి చూసింది. ఎవరో తల వంచుకుని అటు పోతున్నారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా కళ్ళు తిప్పలేదు. "దొంగనాబట్టలు. ఒట్లు పెట్టి మోసం చేసినారు. ఆ పెట్టెలో ఎవురెవురివి పడినాయో నాకి తెలీదు అయ్యవారూ. ఈ ఇంటివి రెండూ మాత్రం పడినాయి. ముందర నేను ఏసినా, నా ఎనకాలే ఆయన ఏసినాడు. దాంట్లో ఒగదాని మింద ఒగటి పడింటాయి."

"అవునమ్మా" అన్నాను.